నా నడుముకు నా కాలు అందలేదు

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల ముందు రావలసిన చోట కాళ్ళు ముందు వచ్చాయి. మా అమ్మ చావు తప్పి బయటపడింది. ఆ కోపం చివరిదాకా నా మీదే పెట్టుకుంది. అయితే అట్లా పుట్టినవాళ్ళ కాలికి ఒక గుణం ఉందని మా చిత్తూరు వైపు నమ్మకం. నడుము పట్టేసిన మనిషి పరగడుపున గడప మీద బోర్లా పడుకుంటే, ఎదురుకాళ్ళవాళ్ళు ఎడమ మడమను నడుము మీద మూడుసార్లు తాకించాలి. తన్నడం అంటారు గానీ తన్నకూడదు. తాకించేటప్పుడు నోరు తెరవకూడదు. ఆకూవక్క తప్ప ఏమీ పుచ్చుకోకూడదు.

ఐరాల దగ్గర మా పల్లెలో ఏడేళ్ళప్పుడు మొదలుపెట్టాను. పెళ్ళయి తిరుపతికి వచ్చాక కూడా మానలేదు. చెరుకు నరికేవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు, బిందెలు ఎత్తి నడుము పట్టేసిన ఆడవాళ్ళు, ఎంతమంది నా ముందు బోర్లా పడుకున్నారో చెప్పలేను. ఆడపిల్లకు మూడో తరగతి చాలని నన్ను బడి నుంచి పంపించేసిన అయ్యవారు కూడా ఒక రోజు వచ్చి పడుకున్నాడు. ఆయనకు మాత్రం తాకించవలసిన దానికంటే కాస్త గట్టిగానే తాకించాను.

అట్లాంటి నాకే నడుము పోయింది. ఇప్పుడు లేచి తిరుగుతున్నాను కాబట్టి, మనవరాలి పాత నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల మీద ఇది రాస్తున్నాను. అయ్యో పాపం అనడానికి చదివేవాళ్ళు ఇక్కడే ఆపెయ్యండి. గోడ పట్టుకుని నడుస్తున్నవాళ్ళు చదవండి.

వైశాఖం

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. నాకు యాభై ఎనిమిదేళ్ళు. తిరుపతిలో ఒక కల్యాణమండపం వంటశాలలో పన్నెండేళ్ళుగా పని చేస్తున్నాను. మా ఆయన చనిపోయిన ఏడాదే చేరాను. వంటమేస్త్రీ దొరసామి. ఆయన కింద మేము ఆరుగురు ఆడవాళ్ళం, నలుగురు మగవాళ్ళు.

అన్నం వండే అండా అంటే ఒక మనిషి లోపల కూర్చోగలిగినంత పాత్ర. దాన్ని పొయ్యి మీద నుంచి దించాలంటే రెండు పక్కలా చెవుల్లో వెదురుబొంగులు దూర్చి నలుగురు ఎత్తాలి. ఆ రోజు దొరసామి ఒకే పూటకు రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాడు. మగవాళ్ళను, నలుగురు ఆడవాళ్ళను రెండో పెళ్ళికి తోలాడు. పొయ్యి దగ్గర మిగిలింది నేను, సుబ్బరత్న.

"రెండో పంక్తి కూసునేసినారు! ఇస్తరాకులు కూడా ఏసేసినారు! మీరేంది బొమ్మల మాదిరి నిలబడుండారు?" అని దొరసామి అరిచాడు.

"నలుగురెత్తేదాన్ని ఇద్దరం ఎట్లెత్తేది అప్పా?" అన్నాను.

"పన్నెండేండ్లుగా మండపం కూడు తింటా ఉండావు గదా, ఆ బలమంతా యాడికి పోయింది?"

ఆ మాట విని ఊరుకుని ఉంటే నాకు ఈ కథే లేదు. ఊరుకోలేదు. బొంగు భుజాన పెట్టుకున్నాను. రెండడుగులు వేశామో లేదో సుబ్బరత్న భుజాన బొంగు కింద వేసుకున్న గోనెపట్టా జారింది. అండా నా వైపు ఒరిగింది. వదిలితే ఇద్దరి కాళ్ళ మీదా ఉడుకుగంజి. వదల్లేదు. నడుములో తడిగుడ్డను పిండినట్టు ఏదో మెలి తిరిగింది. అండాను నేల మీద ఆనించి అట్లాగే వంగిపోయి నిలబడ్డాను. ఒక్క మెతుకు కింద పడలేదు. అది ఇప్పటికీ నాకు గొప్పగానే ఉంటుంది. అంత బుద్ధిలేనిదాన్ని.

బియ్యం మూటల గదిలో పడుకోబెట్టారు. పంక్తులన్నీ లేచిన తర్వాత దొరసామి ఆకులో రెండు లడ్లు చుట్టుకుని వచ్చాడు.

"చెంగమ్మా, ఆస్పత్రికి పోతే ఇంట్లో జారి పడినానని చెప్పు. మండపం పేరెత్తితే ఓనరు మనందర్నీ మార్చేస్తాడు. నీ ఒక్కదాని కోసం పదిమంది కూడు పోవాల్నా?"

పదిమంది కూడు అనేసరికి నేను తలూపాను. ఆ పదిమందిలో నన్ను లెక్కపెట్టలేదని ఇంటికి వచ్చాక తట్టింది. అయినా మా వీధి డాక్టరు అడిగితే, ఇంట్లో బావి దగ్గర జారానని చెప్పాను. మా ఇంట్లో బావి లేదు. ఆ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

జ్యేష్ఠం

ఆ డాక్టరు మూడు వారాలు చెక్కబల్ల మీద పడుకోమన్నాడు. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. నడుముకు బెల్టు. వంగకూడదు, కింద కూర్చోకూడదు.

మా ఇల్లు రెండు గదులు. నా కొడుకు శేఖరు ఆటో తోలతాడు. కోడలు కస్తూరి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నా బల్ల వేసింది ఆమె కుట్టుమిషను పక్కన. పొద్దస్తమానం ఆ చప్పుడు నా వెన్నులోనే కుట్టినట్టు ఉండేది. బాత్రూముకు లేవాలన్నా ఆమె చెయ్యే పట్టుకోవాలి. పదేళ్ళుగా ఆమెకు నేను చెప్పేదాన్ని. ఇప్పుడు ఆమె నాకు చెప్పసాగింది.

"అత్తా, పిలవకుండా లేస్తే నీ నడుం కాదు, నా ప్రాణం పోతాది."

"నీ ప్రాణం మిషన్లో ఉండాదిలే. దానికేం కాదు."

"ఆ మిషనే నీకు బెల్టు కొనిచ్చింది. మర్చిపోవద్దు."

అట్లా సాగేది. ఇంత జరుగుతున్నా చీర కుచ్చిళ్ళు పెట్టుకోలేకపోతే వచ్చి పెట్టేది. పెడుతూ ఒక్క మాట మంచిగా అనేది కాదు. నాకూ అదే నయం అనిపించేది.

నేను ఏ వస్తువునూ ఒకేసారి పూర్తిగా వాడి ఎరగను. సబ్బు తెస్తే సగం కోసి, ఒక సగం దాచిపెడతాను. అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండు చేసిన రోజులున్నాయి. మాత్రలనూ అట్లాగే చేశాను. కత్తిపీట మీద పెట్టి సగం చేసి, ఒక సగం మింగి, ఇంకో సగం పోపులపెట్టెలో మెంతుల గిన్నె కింద దాచాను. నొప్పి సగం తగ్గినా చాలుకదా, మిగతాది నేను ఓర్చుకుంటాను అనుకున్నాను. మందు కూడా సబ్బులాగే అనుకున్నాను.

మూడు వారాలు పడుకోమంటే పది రోజులు పడుకున్నాను. పదకొండో రోజు దొరసామి కబురు పంపాడు. "అండా ఎత్తొద్దులే. కూసోని ఎర్రగడ్డలు తరిగితే చాలు" అన్నాడట. కస్తూరితో గుడికి పోయి వస్తానని చెప్పి మండపానికి వెళ్ళాను. నేల మీద కత్తిపీట ముందు ఉల్లిపాయలు తరుగుతూ నాలుగు గంటలు కూర్చున్నాను. లేచేటప్పుడు నొప్పి నడుములో లేదు. పిర్ర మీదుగా దిగి, తొడ వెనకనుంచి పిక్కలోకి తీగ లాగినట్టు పాకింది. అయినా మర్నాడు మళ్ళీ పోయాను. ముహూర్తాలు అయిపోయేదాకా పోయాను.

చూడవచ్చినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో వైద్యం తెచ్చారు. ఒకరు ఆముదం కాచి పట్టించమన్నారు. ఒకరు ఇటుక కాల్చి కాపడం పెట్టమన్నారు. కొండకు మెట్ల మీద నడిచి వస్తానని మొక్కుకోమని ఒకామె చెప్పింది. నడవలేనిదాన్ని నడుస్తానని మొక్కుకోమంటుంది! ఇంకొకామె తన అక్క కూతురి అత్తకు ఇట్లాగే వచ్చి కాళ్ళు రెండూ పడిపోయాయని, చేతిలో ఉన్న నారింజ ఒలుచుకుని తింటూ చెప్పింది. ఆ పండు నాకోసం తెచ్చిందే. మంచం దగ్గర కూర్చునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. మీ చుట్టాల చావులు మాకు చెప్పొద్దు.

ఆషాఢం

ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు. శేఖరుతో చెప్పి పుట్టింటికి బయల్దేరాను. చెప్పింది మా అన్నను చూడాలని. అసలు పని వేరే ఉంది.

మా అన్న భార్య నాగరత్నమ్మ కూడా ఎదురుకాళ్ళతోనే పుట్టింది. నా పెళ్ళి కుదిరినప్పుడు, పల్లెలో నడుములకు ఇక దిక్కెవరని మా నాయన వెతికి వెతికి ఆమెను కోడలిగా తెచ్చాడు. అప్పటినుంచి నలభై ఏళ్ళు మాకు పడలేదు. నా కాలిది ఉత్త పేరేనని ఆమె, ఆమె కాలికి బరువే తప్ప గుణం లేదని నేను. పండక్కి వెళ్ళినా మొదట నా దగ్గరికి ఎవరైనా వస్తే ఆమె రెండు రోజులు ముఖం చూపించేది కాదు.

నన్ను చూడగానే అరుగు మీద నుంచి లేవకుండానే అంది.

"ఏమ్మే చెంగమ్మా, నీ నడుంకి కూడా వచ్చిందా?"

"వచ్చింది వదినా. నీ కాలికి పని తెచ్చినాను."

"ఊరందరికీ నీ కాలేగదా మందు. నీ కాలితో నువ్వే తన్నుకోరాదా?"

"అందదు గదా. అందితే నీ గడప తొక్కుతానా?"

ఆమె నవ్వింది. నలభై ఏళ్ళకు గెలిచిన నవ్వు అది. మా అన్న లోపలి నుంచి, "ఆస్పత్రికి పోరాదా అమ్మా, ఈ వయసులో ఇవన్నీ ఏందికి?" అన్నాడు. ఇద్దరం ఒకేసారి ఆయన్ని నోరు మూసుకోమన్నాం. మేమిద్దరం కలిసి ఒక్క మాట అనడం అదే మొదలు.

మర్నాడు తెల్లారి గడప మీద బోర్లా పడుకున్నాను. చెక్క చల్లగా పొట్టకు తగిలింది. ఇన్నేళ్ళు నిలబడి చూసిన చోటును పడుకుని చూశాను. మనుషుల కాళ్ళు తప్ప ఏమీ కనిపించవు. నా ముందు పడుకున్నవాళ్ళు నన్ను ఎంత నమ్మారో అప్పుడు తెలిసింది.

మొదటిసారి సరిగ్గానే తాకించింది. రెండోసారి కాస్త ఆగి, కాస్త బరువుగా. మూడోసారి ఆమె ఊపిరి బిగబట్టడం వినిపించింది. తాకించడానికి ఎవరూ ఊపిరి బిగబట్టరు. మడమ దిగింది. కళ్ళముందు తెల్లగా అయిపోయింది.

"రవంత గట్టిగానే ఏసినా. నీది మొండి నడుం గదా" అంది.

పగతో వేసిందా, నిజంగా నయం కావాలని వేసిందా, ఇప్పటికీ తెలియదు. అడగను. అయ్యవారి మీద నా మడమ ఎట్లా పడిందో నాకు తెలుసు.

లేచి నిలబడ్డాను. పది అడుగులు నడిచాను. నొప్పి లేదు! పిక్కలో తీగ లాగడం లేదు. నలభై రోజుల తర్వాత మొదటిసారి నిటారుగా నిలబడ్డాను. ఆ సంతోషంలో మా వదిన చేతిలో ఆకూవక్క పెట్టి, "నీ కాలు గొప్పదే వదినా" అన్నాను. బతికుండగా ఆ మాట అంటానని అనుకోలేదు.

చిత్తూరులో బస్సు మారి తిరుపతిలో దిగాను. బస్టాండు బయట పూలమ్మే ఆమె నన్ను పిలిచింది.

"అవ్వా, ఒక కాలికే చెప్పుండాది. రెండోది యాడ పారేస్తివి?"

కిందకు చూశాను. ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో తెలియదు. తారురోడ్డు మీద ఎండలో వట్టికాలు పెట్టి నడిచి వచ్చాను, కాలలేదు. చిన్న రాయి ఒకటి వేళ్ళ సందున గుచ్చుకుని ఉంది, అదీ తెలియలేదు. నొప్పి పోలేదని, కాలే పోయిందని అప్పుడు అర్థమైంది. అది కూడా ఏ కాలు? ఊరందరి నడుముల మీద పెట్టిన ఆ ఎడమ కాలే.

పూలామె తన పీట నాకు వేసి, "నా పూలు సూస్తా ఉండు, నీ కొడుకు ఆటో యాడుంటాదో చెప్పు" అని తనే స్టాండుకు పోయి శేఖరును పిలుచుకొచ్చింది. నేను ఆమె పూల మీద నీళ్ళు చల్లుతూ కూర్చున్నాను. ఆమె పేరు కూడా అడగలేదు. ఇప్పుడు ఆ చోట ఎవరో జామకాయలు అమ్ముతున్నారు.

శ్రావణం

పెద్దాసుపత్రి. చీటీ రాయించుకునే వరుస ఒకటి, డాక్టరు గది ముందు ఇంకొకటి, ఫోటోకు మరొకటి. చీటీలో ఇక్కడా ఇంట్లో జారి పడ్డాననే రాయించాను. కూర్చునే బల్లలు ఉన్నాయి గానీ కూర్చోవడమే నా జబ్బు. నిలబడి నిలబడి గోడకు నుదురు ఆనించేదాన్ని. అక్కడి ఆయా ఒకామె మొదటి రోజు నన్ను "గోడకు నూనె మరకలు చేస్తా ఉండావు" అని తిట్టింది. రెండో రోజు ఏమీ అనకుండా ఒక ఖాళీ బల్ల ఈడ్చుకొచ్చి, పాత దుప్పటి మడిచి, పడుకోబెట్టి నా మోకాళ్ళ కింద పెట్టింది. ఎవరో అడ్డం చెబితే, "నీకు నడుం పోయినప్పుడు నీకూ ఏస్తాలే" అంది.

డాక్టరు కుర్రవాడు. మన సీమవాడు కాదు, కోస్తా మాట. నన్ను బల్ల మీద పడుకోమని, "బొటనవేలు పైకెత్తమ్మా" అన్నాడు. కుడి వేలు లేచింది. ఎడమ వేలు లేవలేదు. లెమ్మని మనసులో ఎంత అరిచినా అది వేరే ఎవరిదో అన్నట్టు పడి ఉంది. ఆయన తన వేలితో దాన్ని కాస్త లేపి వదిలాడు. టప్పున పడిపోయింది. ఆ చప్పుడు లేని చప్పుడు నాకు ఇంకా వినిపిస్తుంది.

"బెడ్ రెస్టు తీసుకున్నావా?"

"తీసుకున్నా."

"మందులు పూర్తిగా వాడావా?"

"వాడినా."

"అయినా ఇలా అయిందంటే మందులతో ఇక లాభం లేదు. ఎముకల మధ్య మెత్తటి బిళ్ళ జరిగి నరాన్ని నొక్కుతోంది. ఆపరేషన్ చేయాలి. వచ్చే బుధవారం."

శేఖరు ముఖం వాడిపోయింది. చావంటే నాకంత భయం లేదు. ఆ వేలు లేవకపోతే ఏమవుతానో అదే భయం. గోడలు పట్టుకుని, కస్తూరి చెయ్యి పట్టుకుని, జీవితాంతం పిలిచి పిలిచి లేవాలి. ఆపరేషన్ చేస్తే లేస్తుందేమో, చేసినా లేవదేమో. అసలు నేను మందే వాడలేదు కదా, ఆ మందు ఓడిపోయిందని నా వెన్ను కోస్తారే అన్న ఆలోచన ముల్లులా గుచ్చుతూనే ఉంది. అయినా చెప్పలేదు. చెబితే పోపులపెట్టె చెప్పాలి, మండపం చెప్పాలి, వదిన మడమ చెప్పాలి. మొండిగా నోరు మూసుకున్నాను.

మంగళవారం రక్తం తీశారు. అయిన తర్వాత డాక్టరు మళ్ళీ పిలిచాడు. కస్తూరి వచ్చి ఉంది. ఎప్పుడూ రానిది. గుమ్మంలో నిలబడి, చీర చెంగు ముడి విప్పి, డాక్టరు బల్ల మీద కుమ్మరించింది. సగం మాత్రలు. కొన్నిటికి మెంతులు అంటుకుని ఉన్నాయి.

"ఇవి సూడండి సార్. పొద్దున పోపు పెడదామని మెంతుల గిన్నె ఎత్తినా. ఒక్కటి కూడా పూర్తిగా మింగలా ఈమె."

"ఏయ్, యాడికొచ్చి ఏం మాట్లాడతా ఉండావు!" అని నేను అరిచాను.

"మాట్లాడతా అత్తా. నీ వెన్ను కోసేటప్పుడు మాట్లాడకూడదా? పది రోజులకే లేచి మండపానికి పోయింది సార్. గుడికి పోతానని చెప్పి. ఎర్రగడ్డల వాసనతో ఏ గుడినుంచి వస్తారు? నాకు తెలీదనుకుంది."

తెలిసీ రెండు నెలలు అనలేదు. ఆ సంగతి ఆ బల్ల ముందు తెలిసింది.

డాక్టరు మాత్రలను వేలితో ఒకపక్కకు నెట్టాడు. నన్ను చూసిన చూపులో దయ లేదు. ఉండనవసరం లేదు.

"మందులు పూర్తిగా వాడానన్నావే. వేసుకుంటే కదా పనిచేసేది. ఇంకేం దాచావు?"

"తన్నించుకున్నా" అన్నాను.

"ఎవరు తన్నారు?"

"మా వదిన."

ఆయన కలం పెట్టేశాడు. "కొట్టుకున్నారా? పోలీసు కేసు రాయాలా?"

కస్తూరి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. శేఖరు గోడవైపు తిరిగాడు. అంత బాధలో వాళ్ళకు నవ్వు వచ్చింది. ఎదురుకాళ్ళ సంగతి కస్తూరే విడమరిచి చెప్పింది. ఆ డాక్టరు వింటూ వింటూ, "నువ్వు కూడా ఇలా ఎంతమందిని తన్నావు?" అని అడిగాడు.

"ఇప్పుడు చెప్పు. మొదట ఎక్కడ పడ్డావు?"

"పడలేదు సార్" అన్నాను. "మండపంలో అండా ఎత్తినా. నలుగురెత్తేది ఇద్దరమెత్తినాం. ఇంట్లో జారినానని చెప్పింది అబద్ధం. రాసుకోండి."

పాత మాట కొట్టేసి ఆయన అది రాశాడు. మూడు నెలల్లో నా గురించి కాగితం మీద పడిన మొదటి నిజం.

తర్వాత ఆయన మళ్ళీ పరీక్ష చేశాడు. పెద్ద డాక్టరును పిలిచి చూపించాడు. వేలు పూర్తిగా చావలేదు, లోపల రవంత కదలిక ఉంది. ఒంటికీ రెంటికీ ఇబ్బంది లేదు. వాళ్ళు చెప్పిన దారులు ఇవి. బుధవారమే ఆపరేషన్. లేదంటే వెన్నులో ఒక సూది వేసి చూడడం. లేదంటే ఆరు వారాలు నిజంగా మందు, నిజంగా పడక, వాళ్ళు నేర్పిన కసరత్తు. వారం వారం వచ్చి వేలు చూపించాలి. వేలు ఇంకా దిగజారినా, ఒంటికి పోయేది తెలియకపోయినా ఆ రోజే కోత. "ఈసారి సగం చేస్తే మాత్రం నా దగ్గరికి రావద్దు" అన్నాడు కుర్ర డాక్టరు.

నేను మూడోది ఎంచుకున్నాను. కోతకు భయపడి కాదు. నా పక్క బల్ల మీద కుప్పం నుంచి వచ్చిన ఆమెకు ఆపరేషనే చేశారు, పన్నెండో రోజు నడుచుకుంటూ పోయింది. ఆమెకు మందు నిజంగా ఓడిపోయింది. నాకు ఇంకా పోటీకే దిగలేదు. తేడా అంతే.

భాద్రపదం

ఆరు వారాలు. కస్తూరి మాత్ర నా నాలుక మీద పెట్టి, నీళ్ళు తాగించి, నోరు తెరిచి చూపించమనేది. దొంగను చూసినట్టు చూసేది. నేను దొంగనే కాబట్టి తెరిచేదాన్ని.

కసరత్తు నేర్పిన పిల్ల ఒళ్ళంతా నవ్వే. నాకు అది గిట్టలేదు. బోర్లా పడుకుని మోచేతుల మీద రొమ్ము లేపాలి. నా జీవితమంతా జనాన్ని బోర్లా పడుకోబెట్టినదాన్ని, ఇప్పుడు రోజుకు మూడుసార్లు నేనే పడుకున్నాను. తర్వాత వేలు. "లే కన్నా, లే లే" అని ఆ పిల్ల దాన్ని పసిబిడ్డను పిలిచినట్టు పిలిచేది.

రెండో వారం ఏమీ లేదు. మూడో వారం కూడా లేదు. కుర్ర డాక్టరు పెదవి విరిచాడు. వినాయకచవితికి మా అన్న కాణిపాకం ప్రసాదం పట్టుకొచ్చాడు. వదిన రాలేదు. ఒక జత చెప్పులు పంపింది, వెనక పట్టీ ఉన్నవి. జారిపోనివి. ఆ చెప్పులు చూసి నాకు కోపం రాలేదు, అదే నాకు కోపంగా ఉంది.

దొరసామి కూడా వచ్చాడు. కాగితంలో మండపం పేరు పడిందని ఎవరో చేరవేశారు.

"నా నోట్లో మన్ను కొట్టినావు చెంగమ్మా."

బల్ల మీద నుంచి లేవకుండానే అన్నాను. "నోరు మూసుకుని ఉంటే మన్ను పడదప్పా. పోయి అండాకు నలుగురిని పెట్టు."

నాలుగో వారం ఒక పొద్దున కస్తూరి మిషను ఆగింది. "అత్తా" అంది. నేను అప్పుడు నిద్రలో ఉన్నానట. "అత్తా, నీ వేలు లేచింది. ఇప్పుడు. సూసినా." లేచి చూశాను. లేపమంటే లేవలేదు. "నీ కళ్ళు బాగలేవు" అన్నాను. "నీ వేలే బాగలేదు" అని మళ్ళీ మిషను తొక్కింది. తొక్కుతూ కళ్ళు తుడుచుకుంది. నేను చూడనట్టు పడుకున్నాను. మూడు రోజుల తర్వాత నేను మెలకువగా ఉండగానే లేచింది. చింతగింజ మందం. అంతే. అదే చాలింది. ఆరో వారానికి ఆ కుర్ర డాక్టరు తన వేలితో కిందకు నొక్కితే నా వేలు ఎదురు తిరిగింది.

పూర్తిగా బాగయ్యానని చెప్పను. పాదం అంచు ఇప్పటికీ మొద్దుగానే ఉంటుంది. కింద కూర్చోలేను. అండా ముట్టుకోను. ఎత్తు బల్ల మీద కూరగాయలు తరిగి, వీధిలోని మెస్సుకు పంపుతాను. సబ్బు మాత్రం ఇంకా సగమే కోస్తాను.

మాఘం

ముహూర్తాలు మళ్ళీ మొదలయ్యాయి. ఒక పొద్దున గుమ్మంలో ఒక పిల్ల నిలబడి ఉంది, ఇరవై రెండేళ్ళుంటాయి, ఒక పక్కకు ఒరిగి. చేతిలో ఆకూవక్క. దొరసామి దగ్గర నా చోట చేరిన పిల్ల, పేరు కుమారి.

"అవ్వా, నిన్న అండా దించతా ఉంటే నడుం పట్టేసింది. నీ కాలు గొప్పదంట గదా. పరగడుపునే వచ్చినా."

"ఎంతమంది ఎత్తినారు?"

తల దించుకుంది. "ఇద్దరం."

చెప్పకుండానే పోయి గడప మీద బోర్లా పడుకుంది. జుట్టు ఒక పక్కకు తీసుకుని, కళ్ళు మూసుకుంది. నా ఎడమ కాలు దాని నడుముకు జానెడు దూరంలో ఉంది. కస్తూరి మిషను ఆపి నన్నే చూస్తోంది.

నేను వంగలేను కాబట్టి నిలబడే అన్నాను. "వెల్లకిలా తిరిగి, రెండు కాళ్ళ బొటనవేళ్ళూ లేపు."

రెండూ లేచాయి. చక్కగా, రెండు చిన్న తలకాయల్లా. నాకు ఊపిరి వచ్చింది.

"ఇంక లెయ్. తన్నడం లేదు. చెప్పులేసుకో."

శేఖరు ఆటోలో ముగ్గురం ఆస్పత్రికి పోయాం. ఆ ఆయా నన్ను గుర్తుపట్టి, "మళ్ళీ గోడకు నూనె పూయడానికి వచ్చినావా?" అంది. చీటీ రాసే కిటికీ దగ్గర వరుసలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. గుమాస్తా తల ఎత్తకుండా, "దెబ్బ ఎట్లా తగిలింది?" అని అడిగాడు.

కుమారి నా వైపు చూడలేదు. "ఇంట్లో..." అని మొదలుపెట్టింది. "ఇంట్లో జారి..."

"అబద్ధం" అన్నాను. "మండపంలో అండా ఎత్తతా పట్టేసింది. నలుగురెత్తేది ఇద్దరెత్తినారు. అట్లే రాసుకో."

గుమాస్తా తల ఎత్తాడు. "నువ్వెవరమ్మా దీనికి?"

"దీన్ని తన్నాల్సినదాన్ని" అన్నాను. "రాయి."